ఉండాది అన్నాను

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిన ఏడాది. బెంగళూరు పాత పేటలో, నగర్తపేట సందులకు దగ్గరగా ఉన్న ఒక ఫైర్ స్టేషన్లో నేను అటెండరును. ఊడవడం, తుడవడం, ఫోన్లు, వైర్‌లెస్ ఉండే వాచ్ రూమ్‌లో టీ ఇవ్వడం, తడిసి వచ్చిన హోస్ పైపులు మిద్దె మీద ఆరేయడం నా పని. హోస్ అంటే నీళ్ళు చిమ్మే గుడ్డ పైపు. తడి మీద చుట్టిపెడితే కుళ్ళిపోతుంది. సారువాళ్ళు మరిచిపోయినా నేను మరిచేదాన్ని కాదు. మదనపల్లె దిక్కు నుంచి కూలికి వచ్చి ఆ స్టేషన్లో చేరేనాటికి నా పెద్దకొడుక్కి మీసాలు రాలేదు. ఇప్పుడు వాడి కూతురు కాలేజీకి పోతోంది. నేను చదివింది మూడో తరగతి. అయినా వస్తువు దండగ చేయకూడదని, మాట అంతకంటే దండగ చేయకూడదని ఎవరూ నేర్పకుండానే నాకు తెలుసు.

స్టేషను గోడ పక్కన ఒక కొళాయి ఉండేది. ఎదుటి సందు చివర, రెండో అంతస్తులో ఉన్న జరీ కార్ఖానాలో ఇస్త్రీ చేసే గిరియప్ప రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని అక్కడికి వచ్చేవాడు. వాళ్ళ సందులో నీళ్ళు లేవు.

"ఒక్క బిందె. రెండోది అడగొద్దు" అనేదాన్ని.

"పైన పన్నెండు మంది ఉండాము కదవ్వా."

"పన్నెండు మంది ఉంటే తలా ఒక గ్లాసు తాగండప్పా. కొళాయి సరిగా కట్టేసి పో. చుక్క కారితే రేపు నీకు చుక్క లేదు."

"నువ్వు కార్చిచ్చునైనా ఒక్క బిందెతోనే ఆర్పమంటావు" అని నవ్వుకుంటూ పోయేవాడు.

వాళ్ళ సందులో నీళ్ళు లేకపోయినా సంపు ఉంది. సంపు అంటే నేలలో కట్టిన నీళ్ళ తొట్టి. అక్కడ మంటలొస్తే మా బండి నింపుకోవడానికని ఎప్పుడో కట్టారు. ఒకసారి రోడ్డు తవ్వినప్పుడు దానికి నీళ్ళొచ్చే పైపు పగిలింది. మళ్ళీ ఎవరూ వేయలేదు. మీద ఇనుప మూత, ఎర్ర రంగు అక్షరాలు మాత్రం మిగిలాయి. మా డ్రైవర్లందరికీ ఈ సంగతి బాగా తెలుసు. ఆ దిక్కు కాల్ వస్తే దాన్ని లెక్కలోకే తీసుకోకుండా, మార్కెట్ వెనకున్న పెద్ద తొట్టి దగ్గరికి పోయేవాళ్ళు.

ఆ ఏడాది సర్వేకు ఒక పిల్ల వచ్చింది. పేరు స్వరూప, పాలమూరు మనిషి. దేశంలో ఏ ఫైర్ స్టేషన్లో ఎన్ని బండ్లున్నాయి, ఎందరున్నారు, చుట్టుపక్కల నీళ్ళెక్కడ దొరుకుతాయి, అన్నీ ఒకేచోట కంప్యూటర్లో ఎక్కిస్తున్నారట. దాన్ని డేటాబేస్ అంటారని చెప్పింది. ఎక్కడి స్టేషన్ వాళ్ళైనా తెరిచి చూసుకోగల పెద్ద రిజిస్టరన్నమాట. ఆమె వచ్చిన సమయానికి బండ్లు రెండూ కాల్ మీద వెళ్ళాయి. వాచ్ రూమ్‌లో ఉన్నతను ఫోను వదిలి లేవలేడు. ఆమె ఆ పొద్దు ఇంకో రెండు స్టేషన్లు చూడాలట. పాతదాన్నని నన్నే అడగమని అతను చెయ్యి చూపించాడు.

నేను హోస్ కొసకు బిగించే ఇత్తడి నాజిళ్ళు చింతపండుతో తోముతున్నాను. ఆమె ఎదుటి మెట్టు మీద కూర్చుని ఒడిలో ట్యాబు పెట్టుకుంది.

"అవ్వా, నిచ్చెన ఉన్నదా?"

"ఉండాది. నడిమి మెట్టు ఒకటి కదలతాంది. దాని మీద కాలు పెట్టేటప్పుడు..."

"అట్ల కాదవ్వా. ఉన్నదా లేదా, గంతే. ఎక్కువ రాద్దామంటే ఇండ్ల జాగ లేదు."

"నీ ఊళ్ళో జాగా అంటారా, మేము చోటంటాము."

"మీరు ఉండాది అంటున్నరు, మేం ఉన్నది అంటం. రెండూ ఒకటే కదా?"

"ఒకటే కాకుంటే రెండా? అడుగు బేగ. నాకు పని ఉండాది."

ఇద్దరం నవ్వుకున్నాము. ఆ ఫారంలో చోటు లేదన్న మాట నాకు నచ్చింది కూడా. అడిగినదానికి ఒక్క మాట, ఇంకో ప్రశ్న. దండగ లేదు. పంపు? ఉండాది. తాళ్ళు? ఉండాయి. ఊపిరాడేందుకు వీపున కట్టుకునే సిలిండర్లు? ఉండాయి.

"ఆ ఎదురు సందు చివర సంపు?"

"ఉండాది."

వేలితో ఒక గడిలో టిక్కు కొట్టింది. నేను నాజిల్ తిప్పి రెండో వైపు తోమాను.

సాయంత్రం స్టేషన్ ఆఫీసరు సారు మసి ముఖంతో వచ్చారు. గోడ పట్టుకుని నిలబడి, సంతకం కోసం మళ్ళీ వచ్చిన స్వరూప చూపించిన చోట వేలితో సంతకం గీకారు. చదవలేదు. ఆ పొద్దు ఆయన ఒంట్లో చదివేంత సత్తువ లేదు.

తరువాతి ఎండాకాలానికి మా పాత డ్రైవర్లిద్దరూ బదిలీ అయ్యారు. కొత్తాయన బయటి జిల్లా నుంచి వచ్చాడు. మంచి పనివాడు. అప్పటికి ఆ డేటాబేసు అందరి ఫోన్లలోకి వచ్చింది. నీళ్ళున్న చోటల్లా పటం మీద నీలం చుక్క. ఆ ఎదుటి సందు చివర కూడా ఒక నీలం చుక్క ఉందని నాకు తెలియదు. నా నోటితో నేనే పెట్టిన చుక్క అది.

మిట్టమధ్యాహ్నం బెల్లు మోగింది. జరీ కార్ఖానా కింది అంతస్తులోని ప్లాస్టిక్ పూల గోదాము అంటుకుంది. రెండో బండి ఇంకో కాల్ మీద ఉంది. ఒక్కటే పోయింది. మొదట తీసుకుపోయిన నీళ్ళతో లీడింగ్ ఫైర్‌మన్ నాగరాజు, అంటే ఆ బండి మనుషులను నడిపించేవాడు, మెట్ల దారిలో మంట తగ్గించాడు. పదకొండు మంది దిగొచ్చారు. ఒకడు ఇంకా పైనే ఉన్నాడు. బండిలో నీళ్ళు అడుగంటాయి.

ఇదంతా నేను వాచ్ రూమ్ గుమ్మంలో చీపురు పట్టుకుని వైర్‌లెస్ సెట్టులో విన్నాను.

"దగ్గర్లోనే సంపు ఉంది సార్, పటంలో చూపిస్తాంది, నింపుకుంటాము" అంది కొత్త డ్రైవర్ గొంతు.

చీపురు పడేసి లోపలికి పోయాను. "అది కాదప్పా, ఆ సంపు కాదు! చెప్పు వానికి!" అని సెట్టు ముందున్నతని భుజం పట్టి కుదిపాను. అతను మీట నొక్కేలోపే అవతల ఇంకెవరో మాట్లాడుతున్నారు. ఒకరు మాట్లాడుతుంటే రెండో గొంతు పోదు. కాసేపటికి మళ్ళీ డ్రైవర్ గొంతు వచ్చింది.

"సంపు ఒట్టిది సార్. టీ కప్పులు, దారం చెత్త ఉండాయి. నీళ్ళు లేవు."

ఆ సందులో బండి తిరగదు. తోపుడు బండ్లు జరిపిస్తూ, వెనక్కి నడిపించుకుంటూ మార్కెట్ తొట్టి దగ్గరికి పోయి, నింపుకుని వచ్చేసరికి మెట్ల దారి మళ్ళీ అంటుకుంది.

పైన ఉండిపోయినవాడు గిరియప్ప. కరెంటు ఇస్త్రీ పెట్టెల తీగలు పీకడానికి ఆగాడట. మంట ఆర్పి కిందికి మోసుకొచ్చేసరికి వాడిలో ప్రాణం లేదు. 

ఆ సాయంత్రం హోస్ పైపులు మిద్దె మీదికి మోసుకుపోతుంటే నాగరాజు వెనకాలే వచ్చాడు. సర్వే నాటి సంగతి అతనికి చెప్పాను.

"నీ తప్పేముండాదవ్వా? సంతకం సారుది. ఫారం వాళ్ళది. పైపు వేయనోళ్ళు ఇంకెవరో."

"నోరు నాది కదప్పా."

"నువ్వు అబద్ధం చెప్పలేదే. సంపు ఉండేది నిజమే కదా."

"నిజమే. రోజూ పొద్దున్నే వాడు బిందె పట్టుకుని నా ముందర నిలబడేవాడు. సంపులో నీళ్ళుంటే నా తిట్లు తినడానికి వస్తాడా? అది తెలిసీ ఒక్క మాటతో సరిపెట్టినా."

నాగరాజు పైపు రెండో కొస పట్టుకుని ఆరేశాడు.

స్వరూప నంబరు వాచ్ రూమ్ రిజిస్టరులో ఉంది. ఫోను చేయించాను. సంగతి విని, "అవ్వా, నేను మళ్ళొకసారి అడగాల్సి ఉండె" అంది. ఫారం మూసేశారని, మార్చాలంటే మళ్ళీ చూసి ఫోటో తీసి పంపాలని చెప్పింది. సెలవు రోజున వచ్చింది. నేను తాడుకు రాయి కట్టి తీసుకుపోయాను. మా ఊళ్ళో బావి లోతు అలాగే చూసేవాళ్ళము. రాయి దింపి పైకి లాగితే తాడు ఎంత తడిస్తే అంతే నీళ్ళు. మా స్టేషను పేరు మీదున్న సంపులన్నిటి మూతలూ ఎత్తించాము. కొన్నిచోట్ల తాడు తడిసింది. కొన్నిచోట్ల రాయి టక్కుమని సిమెంటు మీద పడింది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ పిల్ల నా ముఖం చూసేది.

చివరగా మసిబారిన ఆ కార్ఖానా ముందుకు వచ్చాము. రాయి టక్కుమంది.

"ఫారంల ఇప్పటికీ ఉన్నదా లేదా అనే ఉన్నదవ్వా. ఒట్టిది అని రాసే గడి లేదు. ఏం రాయాలె?"

"లేదని రాయి."

"సంపు ఉన్నది కదా?"

"లేదని రాయమ్మా."

రాసింది. నీలం చుక్క పోయిందని వారం తరువాత నాగరాజు ఫోనులో చూపించాడు. బాగుచేసే పని వేరేవాళ్ళదట. సంపు ఇప్పటికీ ఒట్టిదే.

నా పనిలో నేను నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. వస్తువు ఉండటం వేరు, అక్కరకు రావడం వేరు. అడిగినవాళ్ళకు గడి చిన్నదైనా చెప్పేవాళ్ళు పూర్తిగా చెప్పాలి. నీళ్ళు పొదుపు చేయవచ్చు, గుడ్డ పొదుపు చేయవచ్చు. కొన్ని మాటలు పొదుపు చేయకూడదు. ఇప్పుడు నేను ఇంట్లోనే ఉంటున్నాను. వంటింట్లోంచి కోడలు "అత్తా, ఉప్పు ఉండాదా?" అని కేకేసినా, మోకాళ్ళు పట్టుకుని లేచి, జాడీ మూత తీసి, చెయ్యి పెట్టి చూసి, అప్పుడు జవాబు చెబుతాను.