కాళ్లు నిలిచాయి

బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టే ఆమెకు కొన్ని వారాలుగా తలనొప్పి. "పని ఎగ్గొట్టడానికి వంకలు" అని ఆడపడుచు మూతి విరిచింది. వాంతులు పట్టుకుని, మాట తడబడ్డాక గానీ మొగుడు ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

మెదడు పొరలకు ఫంగస్ పట్టిందని డాక్టరమ్మ చెప్పింది. మందు ఎక్కిస్తూ, వెన్నులో సూది గుచ్చి నీరు తీసింది. నెత్తిమీది బండ దించినట్టు ఆమెకు తల తేలికైంది, తెలివి వచ్చింది.

"తలలో ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. రోజూ ఇలా నీరు తీయాలి, లేకపోతే చూపు పోవచ్చు" అంది డాక్టరమ్మ.

"వెన్నులో పొడిస్తే కాళ్లు పడిపోతాయిరా తమ్ముడూ!" అని ఆడపడుచు గగ్గోలు పెట్టింది. మళ్లీ సూది గుచ్చడానికి అతను సంతకం పెట్టనన్నాడు.

"తీయించండి, మీకు దణ్ణం పెడతాను. దాంతోనే హాయిగా ఉంది" అని ఆమె మంచం మీంచి బతిమాలింది.

"నిన్న నన్నే గుర్తుపట్టలేదు. దీని మాటేం పట్టించుకుంటారు?" అని అతను డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వాడు. డాక్టరమ్మ మరో రెండుసార్లు నచ్చజెప్పి చూసి ఊరుకుంది.

మందు పనిచేసింది, ఫంగస్ చచ్చింది. ఈలోగా ఆమె చూపు మసకబారి, పూర్తిగా పోయింది.

ఇంటికొచ్చిన రోజు ఆమె గోడ తడుముకుంటూ కుట్టుమిషను దాకా నడిచింది.

"చూశావా, కాళ్లు నిలబెట్టాం" అంది ఆడపడుచు గొప్పగా.

"అవునక్కా" అన్నాడు తమ్ముడు.