టపా బండి గేరు మీద రెండు రిపోర్టులు

1956 జనవరిలో నన్ను యానాంలోని ఒక ప్రభుత్వ మరమ్మతుల షెడ్డులో ఫిట్టరుగా వేశారు. అంతకుముందు నాలుగేళ్ళు కాకినాడలో బస్సులు బాగుచేశాను. ఫ్రెంచివారు వెళ్ళిపోయి అప్పటికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. షెడ్డులో బళ్ళన్నీ వాళ్ళు వదిలినవే. వాటి నట్లు మిల్లీమీటర్ల కొలత, నా స్పానర్లు అంగుళాల కొలత. మొదటి నెలంతా నట్ల మూలలు అరగదీయడంతోనే సరిపోయింది. నాకు రెండేళ్ళ ప్రొబేషను పెట్టారు, అంటే ఆ రెండేళ్ళూ ఏ మచ్చా లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అన్నిటికీ నేనే ముందుండేవాణ్ణి.

షెడ్డుకు వచ్చే బళ్ళలో ఒకటి యుద్ధానికి ముందు కాలపు ఫ్రెంచి మోటారుసైకిలు. ఆఫీసు ఉత్తరాలు, నోటీసులు అగ్రహారం, కనకాలపేట, అడవిపొలం తిప్పడానికి దాన్ని వాడేవారు. అందరూ టపా బండి అనేవారు. నడిపేది ఏసుపాదం అనే బంట్రోతు. పదకొండేళ్ళుగా ఆయనే నడుపుతున్నాడు. ఆయనకు నలభై అయిదు దాటాయి, నాకు ఇరవై ఆరు. అయినా నేను ఆయన్ని ‘ఏమయ్యా’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘ఫిట్టరు గారూ’ అనేవాడు. హోదాల లెక్క అది, అప్పట్లో నాకు తప్పనిపించలేదు.

ఆ బండికి గేరు కాలితో కాదు, చేత్తో మార్చాలి. పెట్రోలు ట్యాంకు పక్కన ఒక పిడి, దాని వెంట నాలుగు గంట్లున్న ఇనుప పట్టీ. పిడిని ఏ గంటులో నిలిపితే ఆ గేరు పడుతుంది. పిడికీ, కిందనున్న గేరు పెట్టెకీ మధ్య ఒక పొడుగాటి రాడ్డు ఉంటుంది. పిడి కదిలితే రాడ్డు కదులుతుంది, రాడ్డు కదిలితే పెట్టెలో పళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి.

మార్చిలో ఇంజను చైను వదులైందని బండి నా దగ్గరికి వచ్చింది. ఆ చైను బిగించాలంటే గేరు పెట్టెనే కాస్త వెనక్కి జరపాలి. జరిపాను, బోల్టులు బిగించాను, జాబ్ కార్డు మీద సంతకం పెట్టాను.

పది రోజులకు ఏసుపాదం వచ్చాడు. "ఫిట్టరు గారండీ, సెకండు గేరు నిలవట్లేదండి. కనకాలపేట గట్టెక్కే వేళకి జారిపోయి ఇంజను ఊరికే గోలెట్టేత్తందండి," అన్నాడు. పిడి సరిగ్గా గంటులోకి లాగడం లేదని చెప్పి పంపేశాను. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. "పదకొండేళ్ళనించి లాగుతున్న పిడేనండి," అన్నాడు. దానికీ అదే జవాబిచ్చాను. మూడోసారి ఆయన రాలేదు.

మే నెలలో అడవిపొలం దారిలో బండి పూర్తిగా మొరాయించింది. ఆ రోజు అందాల్సిన విచారణ నోటీసులు మర్నాటికి గానీ అందలేదు. మా పై అధికారి మద్రాసు వైపునుంచి కొత్తగా వచ్చినవాడు, మాట కటువు. ఏసుపాదాన్ని అక్కడికక్కడే పనిలోంచి ఆపి, బండి ఎందుకు చెడిందో రాసిమ్మని నన్ను అడిగాడు.

రెండెడ్ల బండి మీద ఎక్కించి తెచ్చిన మోటారుసైకిలు గేరు పెట్టె విప్పాను. లోపల నూనె బదులు నల్లటి ముద్ద, ఆముదం వాసన. చూడగానే తెలిసింది, కందెన. ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెడతారే, అది. ఏసుపాదాన్ని పిలిచి అడిగితే దాచలేదు. వాళ్ళ నాన్న బండి తోలేవాడట. "ఇరుసు బిగిసిపోతే కందెనెడతాం గదండీ. మీరు రెండుసార్లు తిప్పి పంపేశారు, తరవాత గేరు పట్టేత్తంటే ఇదీ అంతే గావాలనుకున్నానండి," అన్నాడు. కందెన కింద సెకండు గేరు పళ్ళ మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి.

నాకు అంతకంటే ఏం కావాలి? ‘నడిపే మనిషి నిర్లక్ష్యం’ అని కారణం రాసి రిపోర్టు ఇచ్చేశాను. ఆ మాటకు ఎంత బరువుందో తెలియకపోలేదు. పాత సర్కారు మనుషులను కొత్త సర్వీసులోకి తీసుకోవడానికి జాబితాలు తయారవుతున్న రోజులవి. రిజిస్టరులో అలాంటి మాట పడ్డవాడి పేరు జాబితాలో ఉండదు. తెలిసే రాశాను.

తర్వాత పెట్టె శుభ్రంగా కడిగి, మూలపడ్డ అదే రకం బండిలోంచి సెకండు గేరు తీసి వేసి, కొత్త నూనె పోసి, నేనే నడుపుకుంటూ వెళ్ళాను. కనకాలపేట గట్టు దగ్గర గేరు జారిపోయింది. పెట్టెలో కందెన లేదు, పిడి మీద ఏసుపాదం చెయ్యీ లేదు. నా చెయ్యే ఉంది.

రెండు రోజులు కిందామీదా పడ్డాను. బండి పనిముట్ల సంచిలో కంపెనీవారి చిన్న పుస్తకం దొరికింది గానీ అది ఫ్రెంచిలో ఉంది. చదివేవాళ్ళెవరని మా ఆఫీసు గుమాస్తాను అడిగితే, "మన ఏసుపాదం ఉన్నాడుగా, చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివాడు," అన్నాడు. తల కొట్టేసినట్టయింది. మరో దారి లేక సైకిలు మీద అడవిపొలంలో ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన భార్య అరుగు మీద పీట వేసింది. పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఏసుపాదం కళ్ళజోడు తెచ్చుకుని, గేర్ల గురించి ఉన్న పేజీలు వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పుకొచ్చాడు. ఒకచోట ఆగాడు. "చైను బిగించడానికి గేరు పెట్టెను వెనక్కి జరిపితే, పిడి రాడ్డు పొడవు మళ్ళీ సరిచేయాలి. లేకపోతే పళ్ళు సగమే పడతాయి, గేరు జారుతుంది అని రాశాడండి," అన్నాడు. పుస్తకం మూసి, మామూలుగానే అడిగాడు: "మార్చిలో మీరు రాడ్డు సరిచేశారాండీ?"

లేదన్నాను. కాలితో గేరు మార్చే బళ్ళలో పెడలు పెట్టెకే బిగించి ఉంటుంది, పెట్టెతోపాటే జరుగుతుంది. నేనెరిగినవి అవే. ఇది చేతిగేరు బండి అన్న సంగతి కళ్ళ ముందే ఉన్నా నాకు తట్టలేదు. గేరు సగం పడి జారుతుంటే పళ్ళు అరిగాయి. గేరు పట్టేస్తుంటే ఆయన కందెన పెట్టాడు. అన్నిటికీ మొదలు నా స్పానరే. ఆడలేక మద్దెల ఓడన్నాను, అదీ కాగితం మీద. ఆయన నాకు మజ్జిగ ఇప్పించాడు.

షెడ్డుకొచ్చి రాడ్డు చివర నట్లు రెండూ వదులుచేసి, పొడవు సరిచేసి బిగించాను. పది నిమిషాల పని. గట్టు మీద గేరు నిలిచింది.

ఆ మధ్యాహ్నమే రెండో రిపోర్టు రాసి ఉండాల్సింది. రాయలేదు. నా ప్రొబేషను గుర్తొచ్చింది. బండి నడుస్తోంది కదా, కారణం ఎవరికి కావాలి అనుకున్నాను. ఆ ఫ్రెంచి ముక్క చదవగలిగినవాడు పనిలోంచి ఆగిన బంట్రోతొక్కడే. మర్నాడంతా బల్ల మీద కాగితం పెట్టుకుని వేరే పనులు చేశాను. ఆ మరుసటి రోజు పొద్దున్న రాసి తీసుకెళ్ళాను.

అధికారి చదివి, "ఒక బండి మీద రెండు రిపోర్టులు! ఏది నమ్మమంటావు?" అన్నాడు. రెండోదే నమ్మమన్నాను. నా ప్రొబేషను ఏడాది పెంచాడు. ఏసుపాదాన్ని పనిలోకి తీసుకున్నాడు, కందెన పెట్టినందుకు ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చాడు. రెండూ న్యాయమే.

బయటికొస్తుంటే గుమాస్తా చెప్పాడు. సర్వీసు జాబితా క్రితం రోజు సాయంత్రమే పై ఆఫీసుకు వెళ్ళిపోయిందట, ఏసుపాదం పేరు లేకుండా. ఆ పేరు చేర్చమని మళ్ళీ రాశారు. ఆ ఉత్తర్వు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తోటివాళ్ళందరికంటే ఆయన సర్వీసు పద్నాలుగు నెలలు వెనకబడింది, రిటైరయ్యేదాకా అలాగే ఉంది. కాగితం ఆలస్యమైందని ఆయనకు చెప్పారు. ఆలస్యం చేసింది నేనని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. బండి ఏదైనా రిపేరుకొస్తే దాని మీద ఆఖరిసారి నేనేం చేశానో ముందు చూసుకునేవాణ్ణి. అది ఆ పుస్తకంలో ఉన్న పాఠం. పుస్తకంలో లేనిది ఇంకొకటి నేర్చుకున్నాను: మన తప్పు తెలిసిన పూటే రాసివ్వాలి. మర్నాడు రాసినా అది నిజమే, కానీ ఆ మర్నాటి ఖరీదు ఇంకొకడు కడతాడు.