కప్పు మాది, ఆట వాళ్లది

మా ఆటల మేడం పోయారు. పోయిన మంగళవారం పొద్దున హుజూరాబాద్ నుంచి ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయిందక్కా. చాయ్ తాగింది, పేపర్ల ఆటల పేజీ సదువుమన్నది. నేను సదువుతనే ఉన్న, ఆమె ఇంటలేదు" అంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఆటల పేజీ మాటకు మాత్రం ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆమె నిజానికి చరిత్ర లెక్చరర్. అరవైల మొదట్లో మేము కరీంనగర్‌లో చదివిన కాలేజీలో ఆడపిల్లలం కొద్దిమందిమే. మా ఆటలు చూసుకోవడానికి వేరే ఎవరూ లేక ప్రిన్సిపాల్ సార్ ఆ పని ఆమెకు అప్పజెప్పారు. ఆమె ఈల ఊదేవారు కాదు, చప్పట్లు కొట్టేవారు. గొడుగు వేసుకుని కోర్టు చుట్టూ తిరిగేవారు. కొంగుకు వేయించిన పల్లీల మూట ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరైనా అలిగితే వాళ్లకు ఒక గుప్పెడు ఎక్కువ. "ఆట అయిపోయినంక ఒకల ముఖం ఒకలు చూసుకునేటట్టు ఆడాలె" అనేవారు.

బాల్ బ్యాడ్మింటన్ జట్టుకు ఐదుగురు కావాలి. మేము సరిగ్గా ఐదుగురమే. ఆ ఏడు అవ్వకు, అంటే మా అమ్మకు, కాన్పు అని నస్పూర్‌లో మా ఇంటికి వెళ్లి చాలా రోజులు ఉండిపోయాను. బాపు బొగ్గుబాయిలో పనికి పోతే ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదు. తిరిగొచ్చేసరికి అర్థశాస్త్రంలో నా హాజరు తగ్గిపోయింది. హాజరు చాలనివాళ్లు యూనివర్సిటీ పోటీల్లో ఆడకూడదు. నేను ఆడకపోతే జట్టే లేదు.

"అయిదుగురే ఉన్నరు. జర చూసి హాజరు వేయించున్రి మేడం" అన్నారు ప్రిన్సిపాల్ సార్, నా ముందే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"లేని పిల్లను ఇయ్యాల ఉన్నదని రాస్తే, రేపు ఉన్న పిల్లను లేదని రాస్తరు సార్" అన్నారు మేడం.

బయటికొచ్చి స్తంభం చాటున ఏడుస్తుంటే ఆమే వెతుక్కుంటూ వచ్చారు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. వద్దన్న రూల్లనే ఎట్ల చెయ్యాల్నో గూడ ఉన్నది" అన్నారు. లెక్చరర్ ప్రత్యేకంగా తరగతులు పెడితే ఆ హాజరూ కలుస్తుందట.

అర్థశాస్త్రం సార్‌ను సెలవు రోజున రప్పించడం అంత తేలిక కాలేదు. "నాకు ఆదివారం ఒక్కటే దొరుకుతది మేడం" అన్నాడాయన.

"గీ పిల్లలకు ఆట ఒక్కటే దొరుకుతది సార్" అన్నారీమె. ఆయన వచ్చాడు.

గదులకు తాళాలు వేసి ఉండేవి. వరండాలో కూర్చునేవాళ్లం. ఎండ మీదికొచ్చినకొద్దీ జరిగేవాళ్లం, ఇక జరగడానికి చోటు లేకపోతే ఎండలోనే ఉండిపోయేవాళ్లం. అవసరం నాదైనా మిగతా నలుగురూ వచ్చేవారు. మేడం వెనక గోడకు ఆనుకుని కూర్చునేవారు. అందరికంటే ఎక్కువ సందేహాలు ఆమెవే. "ధర పెరిగితె కొనరంటున్నరు. మరి నేను ఉల్లిగడ్డ కొంటనే ఉన్న గద సార్?" అని అడిగితే సార్ నవ్వాపుకోలేక పుస్తకం మూసేసేవాడు. అట్లా నవ్వుకుంటూనే నా హాజరు నిండింది.

పోటీలు ఆదిలాబాద్‌లో. నిర్మల్ దాటాక ఘాట్‌లో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా మేము కేకలు పెట్టాం, మాకంటే గట్టిగా మేడం పెట్టారు. ఆడుతూ ఆడుతూ ఫైనల్‌దాకా వెళ్లాం. అవతల పొరుగు జిల్లా కాలేజీ. వాళ్లలో ఒక పొడుగు పిల్ల ఉండేది. ఆమె ఆడుతుంటే మా ఆట మరిచిపోయి చూసేవాళ్లం.

తీరా ఆట మొదలయ్యే ముందు, ఆలస్యంగా అందిన హాజరు కాగితాలు చూసి, ఆ పొడుగు పిల్లకు హాజరు చాలలేదని నిర్వాహకులు తేల్చారు. వాళ్లూ ఐదుగురే. మైదానం చుట్టూ జనం నిండి ఉన్నారు. నిర్వాహకుడు మేడం దగ్గరికొచ్చి, "మీరు ఊఁ అంటే ఆడిపిద్దాం మేడం. మేం చూడనట్టే ఉంటం" అన్నాడు.

"ఊఁ అనున్రి మేడం!" అని మేమంతా ఎగబడ్డాం.

మేడం నా వైపు చూశారు. "అంటే అయిపాయె. గని మీరు అన్ని ఆదివారాలు ఎండల కూసున్నరు. గా ఎండకు నేనేం జవాబు చెప్పాలె?"

ఆడకుండానే కప్పు మాకిచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. పొడుగు పిల్ల బ్యాట్ ఒళ్లో పెట్టుకుని గోడ దగ్గర కూర్చుని వెక్కుతోంది. మేడం వెళ్లి ఆమె పక్కన చతికిలబడి కొంగుముడి విప్పారు.

"పల్లీలు తిను బిడ్డా. తిని లే. రూలు కప్పుకే, ఆటకు లేదు. మా పిల్లలు నీ అసొంటోళ్లతోని ఆడుదామనే ఇంత దూరం వచ్చిండ్లు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. వెళ్లిపోతున్న జనం వెనక్కి తిరిగారు. ఆడాం. ఆమె మమ్మల్ని చిత్తుగా ఓడించింది. అంత హాయిగా నేను మళ్లీ ఎన్నడూ ఓడిపోలేదు.

నస్పూర్ వెళ్లినప్పుడు బాపు అడిగాడు, "గెలిచిండ్రా, ఓడిండ్రా?"

"రెండూ బాపూ" అన్నాను.

సంగతంతా విని బాపు చాలాసేపు నవ్వాడు. "గసొంటి మేడం ఉన్నంక నీకేం ఫికర్? ఎంతదాంక సదువుతవో సదువుకో" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎంత పనిపడ్డా నన్ను కాలేజీ మాన్పించి ఉంచుకోలేదు. నేను డిగ్రీ దాకా వచ్చానంటే అందులో ఆ ఓటమికీ వాటా ఉంది.

ఆమె పోయారని తెలిసినప్పటి నుంచీ ఆ సాయంత్రమే కళ్లలో తిరుగుతోంది. ఆట ముగిశాక పొడుగు పిల్ల తన బ్యాట్ తెచ్చి మేడం చేతిలో పెట్టింది. "వద్దే, నాకు రాదే" అంటూనే మేడం చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కారు. మొదటి దెబ్బ గాలికి పోయింది. రెండో దెబ్బకు పసుప్పచ్చని ఉన్ని బంతి నెట్ దాటి, మా తలలు దాటి, పక్కనున్న పత్తిచేనులో పడింది. చేనంతా పసుప్పచ్చని పూలే. పదిమందిమీ, మావాళ్లెవరో వాళ్లవాళ్లెవరో తెలియకుండా, వంగి పువ్వు పువ్వునూ తడుముతూ నవ్వుతున్నాం. చేను గట్టున బ్యాట్ పైకెత్తి మేడం కేక పెడుతున్నారు.

"దొరికిందా పిల్లలూ? దొరక్కుంటె గా పువ్వన్న తెండ్రి, ఆడుదాం!"