చరణం మళ్ళీ చదవమన్న సాయంత్రం

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేటలో ఒక పాత పఠన మందిరం ఉండేది. కింద పత్రికలు చదువుకునే బల్లలు, పైన చిన్న హాలు. ప్రతి నెలా రెండో శనివారం ఆఫీసులకు సెలవు కాబట్టి ఆ సాయంత్రం పై హాల్లో పాత సినిమా పాటల పోటీ నడిపేవాళ్ళం. పాడే పోటీ కాదు. ఏదో ఒక చరణం మధ్యలోంచి ఒక పంక్తి తీసి చదువుతాం. వింటున్నవాళ్ళు ఆ పాట పల్లవి చెప్పాలి. గెలిచిన జట్టుకు ఉస్మానియా బిస్కెట్ల పొట్లం. ఓడిన జట్టు అందరికీ చాయ్ తెప్పించాలి.

ప్రశ్నలు తయారుచేసే పని నాది. పత్రికాఫీసులో పెద్ద వార్తలను చిన్నవి చేసే ఉద్యోగం చేసేవాణ్ణి కనుక, పాటలో ఏ ముక్క తీస్తే పాట దొరక్కుండా ఉంటుందో నాకు తెలుస్తుందని మిత్రులు నమ్మారు. ఆ నమ్మకం ఎలా ఉన్నా, చదవడం మాత్రం నాకు చేతకాలేదు. నోరు తెరిస్తే పాట వరస దానంతట అదే దూరేది. నేను రెండు మాటలు చదివేసరికి మహంకాళి వీధిలో బట్టల దుకాణం నడిపే పెద్దాయన పల్లవి అందుకునేవాడు.

"ఏంది సార్, గిట్ల పాడి చెప్తే మేం ఆడేదేముంది?" అని వెక్కిరించేవాడు కూడా. "ఇగ బిస్కెట్లు సుత మీరే తినిపెట్టున్రి."

ఆ రోజుల్లోనే ఒక శనివారం నా స్నేహితుడొకడు పోటీకి వచ్చాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో మైకులో బండ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆయనది. అప్పటికింకా స్టేషన్లలో మనుషులే చెప్పేవాళ్ళు. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి మిషన్ బడికి పంతులుగా వచ్చి కార్ఖానా అనే పేటలో స్థిరపడ్డాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడి మాటే నేర్చుకున్నాడు. మైకు ముందు కూర్చుంటే మాత్రం అచ్చమైన పుస్తక భాష వచ్చేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. ఆ గొంతు లావుదీ కాదు, తీయనిదీ కాదు. రద్దీలో, ఇంజిన్ల రొదలో కూడా ప్రతి అక్షరం విడివిడిగా వచ్చి చెవిలో కూర్చునేది.

నా చేతిలో కాగితం తీసుకుని ఆయన లేచి నిలబడ్డాడు. "దయచేసి వినండి" అని మొదలుపెట్టి, విరహంతో కుమిలిపోయే ఒక చరణాన్ని, ఏదో ప్యాసింజరు బండి ఆలస్యంగా నడుస్తోందని చెప్పినంత నిమ్మళంగా చదివాడు. హాలంతా నవ్వు. ఆ నవ్వులో పాట ఎవరికీ దొరకలేదు. వరస తీసేస్తే పాట అంత అపరిచితంగా ఉంటుందని మాకు ఆ రోజు తెలిసింది.

"మళ్ళీ చదువన్నా" అన్నాడు బట్టల దుకాణం ఆయన.

"ఎన్నిసార్లంటే అన్నిసార్లు చదువుత. స్టేషన్‌ల మేం బండి కదిలేదాక చెప్తనే ఉంటం."

అదే నియమమైంది. ఏ జట్టయినా "మళ్ళీ" అనవచ్చు. అడిగినన్నిసార్లు ఆయన చదవాలి. జవాబు సరిగా వస్తే "సరైనది" అనేవాడు కాదు, "బండి కదిలింది" అనేవాడు. కొన్నాళ్ళకు మేమందరం ఇళ్ళలో కూడా ఆ మాటే వాడటం మొదలుపెట్టాం.

ఆయన భార్య కోస్తా నుంచి వచ్చిన మనిషి. మిషన్ బడిలో టీచరు. వాళ్ళ పుట్టింట్లో కీర్తనలు తప్ప సినిమా పాటలు నోట రానిచ్చేవాళ్ళు కారట. ప్రతిసారీ భర్తతో వచ్చి, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చునేది. ఏ జట్టులోనూ చేరేది కాదు.

"వదినమ్మా, ఒక్కసారన్న ఆడరాదే" అని బట్టల దుకాణం ఆయన పిలిస్తే, "నేనాడితే అన్యాయం అవుతుందండీ" అనేది. "ఈయన ముందు రోజు ఇంట్లో అన్నీ గట్టిగా చదువుకుంటారు. నాకు జవాబులు కూడా చెప్పేస్తారు."

శుక్రవారం సాయంత్రం నేను కాగితం తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చేవాణ్ణి. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ప్రతి పంక్తీ చదివేవాడు. ఎక్కడైనా వరస తొంగిచూస్తే ఆవిడ లోపలినుంచి గరిటెతో గిన్నె అంచు మీద టంగున కొట్టేది. ఆయన మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. కీర్తనల ఇంట్లో పెరిగిన ఆవిడకు మన సినిమా పాటలన్నీ అలా, వరస లేకుండా, భర్త గొంతులో వచ్చాయి.

చాలా ఏళ్ళు ఇలా సాగింది. తర్వాత ఒక చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. మిరియాల పాలు తాగాడు. ఎండలు ముదిరినా బొంగురు పోలేదు. స్టేషన్‌లో ఆయనను మైకు దగ్గర్నుంచి తీసి వేరే సీట్లో కూర్చోబెట్టారు. ఒక సాయంత్రం స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, వేరేవాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"గొంతుల గడ్డ ఉన్నదట అన్నా. తీసేస్తరట."

"గడ్డే కదా. తీసేస్తే పోతుంది."

"గడ్డ ఒక్కటే గాదు. మాట వచ్చే పెట్టె ఉంటది గద, అది సుత. దాని తర్వాత ఇగ మాట ఉండదు అని చెప్పిండు డాక్టరు."

ఆయనే మళ్ళీ అన్నాడు. "సోమవారం ఆపరేషన్. శనివారం మనది ఉన్నది. నువ్వు పరేషాన్ గాకు, నేను వస్త. నువ్వు చదివితే పాట అయిపోతది."

శుక్రవారం కాగితం ఇవ్వడానికి వెళ్తే ఆవిడే గేటు దగ్గర ఎదురొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆయన మాట వినరు. వస్తానని పట్టుబట్టారు. మింగుతుంటేనే నొప్పి, రాత్రిళ్ళు మూలుగుతున్నారు. ఈసారి ప్రశ్నలు కాస్త తేలికగా పెట్టండి. మళ్ళీ మళ్ళీ చదివే పని లేకుండా చూడండి. మీకు పుణ్యముంటుంది."

వాళ్ళ వాకిట్లోనే నిలబడి కాగితం చూశాను. కష్టమైనవన్నీ కొట్టేసి, పసిపిల్లలు కూడా చెప్పగలిగే పాటలు రాశాను. ఆ రోజు ఆయన ఇంట్లో చదవలేదు. గొంతు రేపటికి దాచుకుంటానన్నాడట. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం హాలు ఎప్పుడూ లేనంతగా నిండింది. సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎప్పుడో మానేసినవాళ్ళు కూడా వచ్చారు. ఎవరో టేప్ రికార్డర్ తెచ్చి బల్లమీద పెట్టారు. ఆయన దాన్ని చూసి, మూత మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు.

"నన్ను డబ్బాల పెట్టకున్రి. జెర ఇది తీసెయ్యి భాయ్."

తెచ్చినాయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కూడా వద్దన్నట్టు తలూపింది. టేపు సంచీలోకి వెళ్ళిపోయింది.

"దయచేసి వినండి" అని మొదలైంది. గొంతు గరగరలాడింది కానీ అక్షరాలు మాత్రం అలాగే విడివిడిగా వచ్చాయి. నేను తేలికవి రాసినట్టే అయింది. చదవడం పూర్తికాకముందే జవాబు వచ్చేది. "బండి కదిలింది" అనేవాడు. ఒకదాని వెనక ఒకటి బండ్లన్నీ కదిలాయి. పోటీ ఎప్పటికంటే చాలా తొందరగా చివరికొచ్చింది. ఒక ప్రశ్న మిగిలింది. అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైనట్టుంది, అది అయిపోతే ఇక లేదని.

చివరి పంక్తి, పొద్దుగూకే వేళ ఒడ్డున దీపం పెట్టుకుని పడవ కోసం చూసే మనిషి గురించిన పాటలోది. సికింద్రాబాద్‌లో ఆ పాట తెలియని ఇల్లు లేదు. ఆయన చదివాడు. హాలు మాట్లాడలేదు.

బట్టల దుకాణం ఆయన తల దించుకుని కూర్చున్నాడు. ఏ చరణాన్నయినా నోట్లోంచి లాక్కునే మనిషి. కాసేపటికి గొంతు సవరించుకుని, "మళ్ళీ చదువన్నా" అన్నాడు.

ఆయన చదివాడు.

రెండో జట్టులోంచి ఒక బ్యాంకు ఉద్యోగిని లేచి, "మళ్ళీ ఒకసారి, ప్లీజ్" అంది. ఆమె కళ్ళు అప్పటికే తడిసి ఉన్నాయి.

ఆయన చదివాడు. చదివి కాగితం మీదినుంచి తలెత్తి అందర్నీ చూశాడు. నవ్వాడు. "ఏందీ తమాషా? మీకు తెల్వదా ఈ పాట?"

"తెల్వదు" అన్నాడు బట్టల దుకాణం ఆయన, పంతం పట్టిన పిల్లాడిలా. "మాకేం తెల్వదు. మళ్ళీ చదువు."

నియమం ఆయన పెట్టుకున్నదే. చదివాడు. ఆ గదిలో ఒక్కొక్కరూ అడుగుతూనే ఉన్నారు. ప్రేమ అలా కూడా ఉంటుంది. ఆయన నిలబడ్డచోటే నిలబడి, అదే పంక్తిని, అదే నిమ్మళంతో, వరస అంచు కూడా తగలనీయకుండా చదువుతూ పోయాడు. ఒక్కోసారికీ గొంతు కొంచెం కొంచెం సన్నబడుతోంది. మొదట ఒక అక్షరం, తర్వాత ఒక మాట, గాలిగా మారిపోతున్నాయి. ఆపాలని నాకూ అనిపించింది, ఆపలేదు. ఇంకొక్కసారి వినాలని నాకూ ఉంది. ఆయన ఒక చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. మెడ మీద నరాలు లేచాయి. అయినా ముఖంలో నవ్వు ఉంది. అడిగినంతసేపు చదివేట్టే ఉన్నాడు.

వెనక బెంచీలోంచి ఫ్లాస్కు కింద పెట్టిన చప్పుడైంది. ఆవిడ లేచి నిలబడింది. ఎవరి వైపూ చూడకుండా, పల్లవి మొత్తం చెప్పింది. పాడలేదు. ఆయన చదివినట్టే, స్టేషన్‌లో చెప్పినట్టే, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది.

బట్టల దుకాణం ఆయన చిన్నగా అన్నాడు, "వదినమ్మకు ముందే తెలుసు గద. లెక్కల్కి రాదు."

నా స్నేహితుడు తల అడ్డంగా ఊపాడు. "నిన్న ఇంట్ల చదువలే" అన్నాడు. ఆ మాట ముందు వరసకే వినిపించింది. "ఆమెదే జవాబు."

తర్వాత "బండి" అన్నాడు. రెండో మాట రాలేదు. జేబురుమాలు తీసి గార్డు జెండా ఊపినట్టు ఒకసారి ఊపి, కూర్చున్నాడు.

బిస్కెట్ల పొట్లం ఆవిడకు ఇచ్చాం. అందుకుని, ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి ఆయన చేతికిచ్చింది. ఆ సాయంత్రం చాయ్ ఎవరు తెప్పించారో ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఆయన ఇంకొన్నేళ్ళు ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని రెండో శనివారాలు వచ్చేవాడు. ఇప్పుడు వెనక బెంచీలో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. చదివే పని మళ్ళీ నాకే వచ్చింది. నాలో వరస దూరినప్పుడల్లా ఆయన ఫ్లాస్కు మీద వేలి ఉంగరంతో టంగున కొట్టేవాడు. ఎవరూ "మళ్ళీ" అనేవాళ్ళు కారు. జవాబు తెలిస్తే చెప్పేవాళ్ళు, లేకపోతే తర్వాతి దానికి వెళ్ళేవాళ్ళం. స్టేషన్‌లో కూడా అప్పటికి టేపుల్లో నింపిన గొంతులు వచ్చాయి. అవి ఆయనవి కావు.

ఆయన పోయాక పోటీ ఎక్కువ కాలం నడవలేదు. కొన్నాళ్ళకు పఠన మందిరం పైభాగం బలహీనపడిందని హాలుకు తాళం వేశారు. ఆవిడను కార్ఖానాలో వాళ్ళింటికి వెళ్ళి అప్పుడప్పుడు చూసి వచ్చేవాణ్ణి. ఒకసారి వెళ్ళినప్పుడు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. పక్కింట్లో రేడియోలో ఏదో పాత పాట వస్తోంది.

"అన్నయ్యగారూ, మీరు రాసిన ఆ చివరి ప్రశ్న గుర్తుందా?"

ఉందన్నాను.

"అందరూ వినాలని కూర్చున్నారు. నొప్పి చూడలేక నేనే లేచాను. నేనే ఆపేశాను." కప్పు అంచు మీద చెంచాతో చప్పుడు కాకుండా తాకింది. "ఆయన ఇంకోసారి చదివేవారు. ఊపిరి తీసుకోవడం కూడా చూశాను. ఆ ఒక్కసారి విని చెప్పి ఉంటే సరిపోయేది."

రేడియోలో పాట చరణంలోకి వచ్చింది. ఆవిడ లేచి వెళ్ళి వంటింటి వైపు కిటికీ మూసి వచ్చింది. వరసతో వినిపించే పాటలు తనకు ఇప్పటికీ సరిగా అర్థం కావంది.