క్యాండిల్ క్లోజ్ అయ్యేదాకా

మా పక్కింటి భాయ్ గురువారం ఉదయం పది కావడానికి కొంచెం ముందు, ఆటోలో చనిపోయారు. అప్పటికి ఆసుపత్రి గేటు కనిపిస్తూనే ఉంది. దారిలో ఎక్కడా బండి ఆగలేదని ఆటో డ్రైవరు చెప్పాడు. నెల్లూరులో ఆ వేళకు అది అరుదు. ఆలస్యం రోడ్డు మీద జరగలేదు. అంతకుముందే, ఆయన ఇంటి మేడమీద గదిలో, కంప్యూటర్ ముందు జరిగింది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో దళారీగా ఏళ్ల తరబడి పనిచేశారు. రోజూ తెల్లవారే రైలెక్కి వెళ్లేవారు. ఆ ప్రయాణాలు మానుకున్నాక షేర్ల చార్టులు చదవడం నేర్చుకున్నారు. తర్వాత నలుగురికి నేర్పడం మొదలుపెట్టారు. ఫీజు లేదు. ఒకటే షరతు: అప్పు తెచ్చిన డబ్బుతో వచ్చినవాడు మెట్ల దగ్గరి నుంచే వెనక్కి వెళ్లాలి. షేర్లతో ఆయన పెద్దగా సంపాదించలేదు, పోగొట్టుకోలేదు కూడా. విలేకరిగా నేను చూసిన మార్కెట్ గురువులతో పోలిస్తే ఈ రెండో సంగతే అరుదు.

ఆయన చూపించేది ఒకే ఒక్క ఎత్తు. షేరు కొన్నవాళ్లు, ధర ఇంతకన్నా కిందికి దిగితే అమ్మేయమని ముందుగానే ఒక ఆర్డరు పెట్టుకుంటారు. దాన్ని స్టాప్ లాస్ అంటారు. దాదాపు అందరూ దాన్ని నిన్నటి కనిష్ఠ ధరకు కొద్దిగా కింద పెడతారు. ఆ సంగతి పెద్ద పెట్టుబడిదారులకు తెలుసు. ధరను ఒక్కసారి అక్కడికి తోస్తారు. చిన్నవాళ్ల స్టాపులన్నీ తెగి, వాళ్ల షేర్లు చౌకగా బయటికి వస్తాయి. పెద్దవాళ్లు వాటిని కొనుక్కుంటారు. ధర మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని ఆయన 'వేట' అనేవారు.

ఇది ఎలా పట్టుకున్నారని ఒకసారి అడిగాను.

"పట్టుకునేదేముండాది పేపరన్నా, మార్కెట్లో చూసిందే గదా," అన్నారు. "పొద్దున్నే పెద్ద యాపారులు మొదటి బస్తాలకి రేటు బాగా తగ్గించి పలికిస్తారు. పల్లెల నించి కాయ తెచ్చినోళ్లు బెదిరిపోతారు. రేటు పడిపోయిందిరా అని అయినకాడికి ఇచ్చేస్తారు. కాయంతా చేతికొచ్చినాక రేటు మళ్లీ మామూలే. ఆ మొదటి రేటు చాన్నాళ్లు నా నోటితోనే పలికించినారు."

ఈ చివరి మాట అంటూ ఆయన చార్టు వైపు తిరిగారు.

ఆయన చార్టులో ఒక ఇండికేటర్ ఉండేది. ప్రతి ఐదు నిమిషాల ధరల కదలికనూ చార్టు ఒక నిలువు గీతగా చూపిస్తుంది, దాన్నే క్యాండిల్ అంటారు. ధర నిన్నటి కనిష్ఠం కిందికి దిగి, అదే క్యాండిల్‌లో మళ్లీ పైకి వస్తే ఇండికేటర్ అక్కడ ఆకుపచ్చ బాణం వేస్తుంది. వేట ముగిసింది, ఇక కొనవచ్చు అని దాని అర్థం. కానీ ఐదు నిమిషాలు పూర్తయ్యేలోపు ధర మళ్లీ జారితే వేసిన బాణం చెరిగిపోతుంది. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అందుకని ఆయన బాణం కనిపించగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. ఐదు నిమిషాలూ నిండి క్యాండిల్ క్లోజ్ అయ్యాకే చేతులు బయటికి వచ్చేవి. నేర్చుకునేవాళ్లందరినీ అలాగే కూర్చోబెట్టేవారు. మా మేడ పిట్టగోడ మీంచి చూస్తే ఆ గదిలో నలుగురైదుగురు పెద్ద మనుషులు చేతుల మీద కూర్చుని తెరవైపు చూస్తూ కనిపించేవారు. మా ఇంట్లోవాళ్లకు అది రోజూ నవ్వే.

వాళ్లలో కోవూరు నుంచి వచ్చే రైతు ఒకడు. పెన్నా దాటి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. మెట్లెక్కాక గుమ్మం పట్టుకుని ఒక నిమిషం నిలబడి, ఛాతీ రుద్దుకుని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. తర్వాతి పంటకు ఉంచుకున్న డబ్బులో కొంత షేర్లలో పెట్టాడు. ఒకరోజు నేను అక్కడ ఉండగానే తెర మీద బాణం పడింది. రైతు చేతులు అప్పటికే బయట, ఫోన్ మీద ఉన్నాయి.

"భాయ్, బాణం! కొనేసినా."

"ఏంది సామీ, అప్పుడే? ఇంకా రెండు నిమిషాలుండాది గదా క్యాండిల్‌కి."

"పచ్చగా కళ్ల ముందర కనపడతా ఉంటే ఇంకేం చూసేది?"

"ఉడకని అన్నం వడ్డించుకున్నట్టుండాది నీ యవ్వారం."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే బాణం చెరిగిపోయింది.

"యాడబోయింది భాయ్?" రైతు తెర దగ్గరికి వంగాడు.

"యాడికీ పోలా. ధర నిలబడలేదు, అందుకని అదీ నిలబడలేదు. అమ్మేయ్."

"తిరిగొస్తాది భాయ్. ఇదంతా మనల్ని బెదిరించేదానికేనని మీరే చెప్తారు గదా."

"బెదిరింపైతే ఈపాటికి తిరిగొచ్చుండాల. రాలేదంటే అది వేట కాదు, నిజంగానే పడతా ఉండాది."

"ఇంకో ఐదు నిమిషాలు."

"ఇంకో ఐదు అనేవోడు సాయంత్రం దాకా ఐదంటానే ఉంటాడు. పంట డబ్బు అది. అమ్మేయ్ సామీ."

భాయ్ గొంతు పెంచలేదు. రైతు వేలు ఫోన్ మీద ఆగిపోయింది. చివరికి నొక్కాడు. కొద్దిపాటి నష్టంతో బయటపడ్డాడు. ఆ షేరు ఆ రోజంతా పడుతూనే పోయింది.

క్లాసు అయ్యాక ఇద్దరూ నిమ్మకాయ పిండిన ఉప్పు సోడా తాగేవారు. ఇద్దరికీ ఛాతీలో మంట.

"మనిద్దరిదీ ఒకే గ్యాసు భాయ్," అనేవాడు రైతు.

"అవును సామీ, ఒకే కంపెనీ," అనేవారు ఈయన.

భాయ్‌కి ఛాతీలో నొప్పి మొదటిసారి ఎండాకాలంలో వచ్చింది. మెట్ల మీద కూర్చుండిపోయారు. కాసేపటికి తగ్గింది. వానలు మొదలయ్యాక మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. ఆయన భార్యను నేను అక్క అంటాను. డాక్టరుకు చూపించమని ఆమె వెంటపడింది. రెండుసార్లు టోకెన్ తీసుకుంటే రెండుసార్లూ ఆయన వెళ్లలేదు. ఒక సాయంత్రం వాళ్ల వాకిట్లో ఆ వాదన జరుగుతుండగా నేను అక్కడే ఉన్నాను.

"వచ్చింది, పోయింది. మళ్లీ మామూలైపోయినా గదా," అన్నారు. "మేయ్, ఇది కూడా వేటే. బెదిరిస్తాది, పోతాది."

అక్క చేతిలోని చేట పక్కన పెట్టింది. పైకి టీ తెచ్చిస్తూ ఏళ్లుగా క్లాసు వింటున్న మనిషి ఆమె.

"బాణం చూసి సంబరపడబాకండి, క్యాండిల్ క్లోజ్ అయ్యేదాకా ఉండమని ఊరందరికీ చెప్తారే. మీ క్యాండిల్ ఎప్పుడు క్లోజ్ అవతాదో చెప్పేదానికి ఈ ఇంట్లో ఎవరుండారు? డాక్టరైతే చెప్తాడు."

ఆయన నావైపు చూసి, "చూడన్నా, నాకన్నా బాగా నేర్చుకునింది," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. మూడో టోకెన్ తీసుకుంది. అది రాబోయే సోమవారానికి.

గురువారం ఉదయం సంగతి అక్కనూ, ఆ గదిలో ఉన్నవాళ్లనూ విడివిడిగా అడిగి రాస్తున్నాను. వాళ్లు చెప్పినవి ఒకదానితో ఒకటి సరిపోయాయి. మార్కెట్ తెరిచే ముందే ఆయనకు నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. తెరిచిన కాసేపటికి నుదుట చెమట చూసి రైతు అడిగాడు.

"ఏం భాయ్, అట్టుండారు?"

"ఏం లేదు. ఐదు నిమిషాలు చూద్దాం."

తెర మీద ఆ రోజు బాణమేదీ లేదు. అయినా ఆయన ఎడమ చెయ్యి తొడ కింద ఉంది. కుడి చెయ్యి ఛాతీ మీద ఉంది. టీ తీసుకుని పైకి వచ్చిన అక్క గుమ్మంలోంచే చూసి, ఆటో పిలుస్తానంది.

"ఇంకో ఐదు నిమిషాలు," అన్నారాయన.

షేర్ల విషయంలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అక్క టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. ఆటో వచ్చేసరికి ఆయన మాట్లాడటం లేదు. రైతు ఆయన్ని రెండు చేతులమీదా ఎత్తుకుని మెట్లు దిగాడు.

ముందే తెస్తే బతికేవారా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు. అతను చెప్పి ఉంటే ఇక్కడ రాసేవాణ్ని.

ఆ సాయంత్రమే అసర్ నమాజు తర్వాత ఖననం చేశారు. గూడూరు నుంచి హమాలీలు వచ్చారు. ఆయన మెట్ల దగ్గర వెనక్కి పంపేసిన కుర్రాళ్లు కూడా ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు. ఎందుకు వచ్చారని అడిగాను. "ఆరోజు పంపెయ్యకపోతే మా పని అయిపోయుండేదన్నా," అన్నాడు ఒకడు.

నిన్న, శనివారం, మూడోరోజు ప్రార్థన, జియారత్. ఫాతిహా చదవడం అయ్యాక, గదిలోంచి ఏదో తేవాలని రైతు మేడ మెట్లెక్కాడు. సగంలో ఆగి కూర్చున్నాడు. కుడి చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. నేను చూస్తున్నానని గమనించి, ఆ చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు.

నేను వెళ్లి అక్కకు చెప్పాను. భర్త పోయిన స్త్రీ పాటించే ఇద్దత్ గడువు ముగిసేదాకా ఆమె గడప దాటదు. తలుపు వెనకనుంచే అతన్ని పిలిచింది.

"అన్నా, సోమవారం టోకెన్ ఉండాది గదా, ఆయనది. ఆసుపత్రికి ఫోన్ చేసినా. మీ పేరుకి మార్పించినా."

"గ్యాసేనమ్మా. ఈ నెల పోనీండి, చూద్దాం."

"ఆయన కూడా చూద్దామనే అన్నారు."

రైతు తల వంచుకున్నాడు. అతను చెయ్యి మెల్లగా తొడ కింది నుంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎన్నింటికమ్మా?"

టోకెన్ రేపు పది గంటలకు. తొమ్మిదిన్నరకు నేను పెన్నా వంతెనకు నెల్లూరు వైపున అతని కోసం బండితో నిలబడతాను. ఆ వేళకు మార్కెట్ తెరిచే ఉంటుంది. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని అక్క అతనికి చెప్పింది.