నేను మెదడుతో మల్లెపూలు కట్టిన కథ

మనిషి మెదడులోంచి వంతెనను పీకి, దానితో మల్లెపూలు కట్టి, ధర్మపురి బస్టాండు ముందర మూర లెక్కన అమ్మేసిన ఆడది ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే నేనే. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే కొంచెం నవ్వి పెట్టుకోండి. ముందుకు పోయేకొద్దీ నా ఘనకార్యం ఇంకా ముదురుతుంది, అప్పటికి మీకు ఊపిరి మిగలదు.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నా గొంతు నూనె పెట్టని బండి ఇరుసు లాంటిది. "మెల్లగా చెప్పక్కా, వీధంతా వింటోంది" అంటోంది ఆమె. విననీ. పోయిన పరువు ఎట్లాగూ పోయింది.

మాది తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరు, ఇంట్లో మాత్రం తెలుగే. మా ఆయన పోయాక పూలబుట్ట నెత్తికెత్తుకున్నాను. మొగుడు పోయినది పూలు పెట్టుకోకూడదన్నారు గానీ, కట్టకూడదని ఎవరూ అనలేదు. తడిపిన అరటినార, నాలుగు మొగ్గలు చేతికిచ్చారంటే నా వేళ్ళు నన్ను అడగకుండానే కట్టేస్తాయి. పొద్దున నిద్ర లేచేసరికి దుప్పటి కొసలకు కూడా ముడులు పడి ఉంటాయంటే నమ్మండి.

నాకు ఒక్కతే కూతురు, రేవతి. పాపా అని పిలుస్తాను. అప్పుడు మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం. కాలేజీలో పీనుగుల్ని కోస్తుంది, ఇంట్లో బొద్దింకను చూస్తే మంచమెక్కుతుంది. గుండె, ఊపిరితిత్తులు, పేగులు అన్నీ గడగడా ఒప్పజెప్పింది గానీ మెదడు పరీక్షలో మాత్రం నోరు పెగలక నిలబడిపోయింది. వాళ్ళ ప్రొఫెసర్ మంచివాడు. "ఇంకొక్క అవకాశం ఇస్తాను. నీ చేత్తో నువ్వే మెదడు బొమ్మ చేసి, లోపల ఏది ఎక్కడికి పోతుందో బయటి నుంచి వచ్చే మేడమ్‌కు చూపించు. ఈసారీ తప్పితే పెద్ద పరీక్షకు కూర్చోనివ్వను" అన్నాడట. అంటే తోటి పిల్లలంతా ముందుకు పోతారు, నా పాప ఒక్కతే వెనక మిగిలిపోతుంది.

సరస్వతీ పూజ సెలవులకు ఇంటికొచ్చి పనిలో దిగింది. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బింది. మనం చాటలకు పూసే గుజ్జే. దానితో రెండు అరచెక్కలు చేసింది. అచ్చం పెద్ద అక్రోటుకాయ. తర్వాత నా నార కట్టల మీద పడింది.

"అమ్మా, కొంచెం నార తీసుకుంటాను."

"ఏంటికే? మెదడుకు పూలు కట్టేదా?"

"మెదడులోపల ఉండేదంతా నారలేమ్మా. పైన మాత్రం బూడిదరంగు తొక్క. లోపలంతా తెల్లని నరాల పోగులు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి వార్తలు మోసేవి."

పసుపు నీళ్ళలో ముంచి కొన్ని పోగులు, ఎర్రరంగులో కొన్ని, బట్టలకు పెట్టే నీలిమందులో ఒక లావుపాటి కట్ట. అన్నీ ఆరబెట్టి లోపల అమర్చి, నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. నాకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలదట. అది పొగడ్తో తిట్టో నాకింకా తెలియలేదు.

"ఇదిగో, నడిమధ్యలో రెండు గుడ్లలాగా ఉన్నాయే, ఇది థాలమస్. మన ధర్మపురి బస్టాండు అనుకో. ఏ ఊరి బస్సైనా ఇక్కడికి వచ్చి పోవాల్సిందే. చూసింది, విన్నది, చేతికి తగిలింది, అన్నీ ఇక్కడ దిగి బస్సు మారతాయి."

"టీకొట్టు ఉంటుందా?"

"ఉండదు. దాని పక్కన ఇరుకు దారి చూడు, ఇంటర్నల్ క్యాప్సూల్. తొప్పూరు కనుమ లాంటిది. ఎన్నో పోగులు ఇంత సందులో నుంచి దిగాల. ఇక్కడొక లారీ బోల్తా పడితే సేలం రోడ్డంతా ఆగిపోదా? నాయనకు రక్తనాళం చిట్లింది ఇక్కడేనమ్మా. అందుకే చెయ్యీ కాలూ ఒక్కసారే పడిపోయినాయి."

ఆ ఇరుకు దారిని వేలితో ఒకసారి తడిమాను. ఆ తర్వాత పాప నీలం కట్ట గురించి, ఎర్రపోగుల గురించి చెప్పసాగింది. అసలు వినాల్సింది అక్కడే. నేను గోడకు ఆనుకుని హాయిగా కునుకు తీశాను.

సరస్వతీ పూజ రోజు మా ఇళ్ళల్లో పుస్తకాలు, కత్తెరలు, తక్కెడలు అన్నీ అమ్మవారి ముందు పెడతాం. ఆ రోజు వాటికి విశ్రాంతి. మర్నాడు మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. పాప పుస్తకాలతోపాటు మెదడును కూడా పీట మీద కూర్చోబెట్టి, బొరుగులు, శనగలు నైవేద్యం పెట్టాను. గంధం పూశాను. బొట్టు పెట్టడానికి ముత్తైదువ కావాలంటారు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. నేనే పెట్టేశాను, అదీ ఆ తొప్పూరు కనుమ మీదే, ఇంకే లారీ బోల్తా పడకూడదని, ఇంత లావున.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

మర్నాడు విజయదశమి. హారతి అయిపోయింది. పాప పొద్దుటి నుంచి పెరట్లో పుస్తకం పట్టుకుని తిరుగుతోంది, తెల్లారితే పరీక్ష. సాయంత్రం కాగడామల్లె మొగ్గలు బుట్టెడు వచ్చాయి. చూస్తే నార అయిపోయింది! పండక్కి ఉన్నదంతా వాడేశాను. మొగ్గలేమో విచ్చుకుంటామని బెదిరిస్తున్నాయి. అప్పుడు కనబడింది పీట మీద మెదడు, దాని నడుమ చేతి లావున నీలం నార కట్ట.

అది ఏం చేస్తోంది? ఎడమ చెక్కను, కుడి చెక్కను కలుపుతోంది. రెండు చెక్కలు పక్కపక్కనే ఉన్నాయి కదా, పారిపోతాయా? వాటికింత నార దండగ అనుకున్నాను. లాగాను. సులువుగా వచ్చేసింది. నీళ్ళలో తడిపి పూలు కట్టేశాను. వేళ్ళు నీలమయ్యాయి, కడుక్కున్నాను.

ఊరికే తీసుకుంటే పాపమని, బదులుగా ఒక మేలు కూడా చేశాను. కిందివైపు ఎర్రపోగులు ఎడమవి కుడికి, కుడివి ఎడమకు అడ్డంగా పోతున్నాయి. రాత్రంతా మేలుకొని కళ్ళు మూసుకుపోతూ కట్టి ఉంటుంది పిచ్చిది అనుకుని, చిక్కంతా విప్పి, ఎడమవి ఎడమకే, కుడివి కుడికే చక్కగా దువ్వి, నా ముడి వేశాను. రెండు చెక్కలను కొత్త తువ్వాలలో బిగించి కట్టి బుట్టలో పెట్టాను.

పొద్దున బస్సులో పాప అడిగింది. "ఒక్కసారి విప్పి చూసుకుంటానమ్మా."

"ఇంతమందిలోనా? దిష్టి తగిలితే? అక్కడికి పోయి విప్పుకో."

పాపం, నా మాట విన్నది. ఇరవై ఏళ్ళలో అది నా మాట విన్నది ఆ ఒక్క పొద్దునే.

బస్టాండులో దిగి బుట్ట దించగానే బేరం తగిలింది. సేలం బస్సులో నుంచి కళ్ళద్దాలావిడ దిగింది. "రెండు మూరలు ఇవ్వమ్మా" అని అరవంలో అడిగి, మూర చిన్నదని నా మోచేతితో తగాదా పడి, అక్కడే జడలో తురుముకుని ఆటో ఎక్కింది. నేను పాపతో కాలేజీకి పోయాను. దాన్ని లోపలికి పంపి, తలుపు పక్కన నిలబడి తొంగి చూస్తున్నాను.

లోపల ప్రొఫెసర్, ఆయన పక్కన బయటి నుంచి వచ్చిన మేడమ్. చూస్తే మన కళ్ళద్దాలావిడే! మన బేరమే కదా, చల్లగా చూస్తుందిలే అని మురిసిపోయాను. వాళ్ళంతా మాట్లాడింది అరవం, నేను తెలుగులో చెబుతున్నాను.

"విప్పమ్మా" అన్నది మేడమ్.

పాప తువ్వాల విప్పింది. ఎడమ చెక్క అక్కడే ఉండిపోయింది. కుడి చెక్క దొర్లుకుంటూ బల్ల దిగి, ప్రొఫెసర్ కాళ్ళ మధ్య నుంచి పోయి బీరువా కింద దూరింది.

"సగం మెదడు ఎక్కడికి పోతోంది?" అన్నది మేడమ్.

ప్రొఫెసరే వంగి బీరువా కింద నుంచి లాగి ఇచ్చాడు. మేడమ్ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఇదేమిటి, ఇంటర్నల్ క్యాప్సూల్ దగ్గర ఇంత ఎర్రగా? రక్తస్రావమా?"

పాప వాసన చూసింది. "కుంకుమ మేడమ్."

"చుట్టూ పచ్చగా ఉన్నదో?"

"గంధం మేడమ్."

"రోగికి పూజ చేశారా? సరే, కుడి చెయ్యి ఎత్తమని ఆజ్ఞ ఎక్కడ పుడుతుంది? ఎట్లా పోతుంది?"

"ఎడమ మెదడులో పుట్టి, ఇట్లా కనుమ... క్యాప్సూల్‌లో దిగి, కింద మెదడు కాడలో, మెడల్లాలో, అడ్డంగా దాటి కుడివైపుకు..." పాప వేలు ఎర్రపోగు వెంట దిగింది, దిగింది, ఎక్కడా దాటలేదు. తిన్నగా ఎడమకే పోయింది. పాప వెనక్కి పోయి మళ్ళీ వేలు పెట్టింది. మళ్ళీ ఎడమకే.

"ఈ మనిషి కుడి చెయ్యి ఎత్తాలనుకుంటే ఎడమ చెయ్యి లేస్తుందే" అన్నది మేడమ్. "పోనీ, కార్పస్ కల్లోసం చూపించు. రెండు అర్ధభాగాలను కలిపే పెద్ద వంతెన. అదైనా ఉందా?"

పాప ఆ సందులో చెయ్యి పెట్టి వెదికింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక నా కాళ్ళు ఆగలేదు. లోపలికి దూకాను.

"మేడమ్, అది పాప తప్పు కాదు! నేనే పెరికినాను! నార అయిపోతే పూలు కట్టేదానికి తీసుకున్నాను! ఎర్రపోగులు కూడా నేనే సరిచేసినాను!"

"ఎవరీమె?" అన్నాడు ప్రొఫెసర్.

"మా అమ్మ సార్" అని పాప నావైపు తిరిగింది. "ఏం చేస్తివమ్మా! దాటేదే సరైనది! దేవుడే అట్ల పెట్టినాడు!"

"దేవుడు అట్లెట్ల పెడతాడే? నేను చిక్కు పడిందనుకుంటి."

"కార్పస్ కల్లోసం ఏమైంది?" అన్నది పాప.

"అమ్మేసినాను."

"కార్పస్ కల్లోసాన్ని అమ్మేస్తివా!"

"మూర లెక్కన."

మేడమ్ తల పట్టుకుని, నవ్వో కోపమో మాకు కనబడకుండా కిటికీవైపు తిరిగింది. అప్పుడు చూశాను ఆమె జడ. తెల్లని కాగడామల్లెలు, వాటి నడుమ నీలం నార. తడినార కదా, నీలిమందు కారి మెడ మీదుగా తెల్లకోటు కాలరు దాకా కావేరిలాగా పారుతోంది.

పాప కూడా చూసింది. చాలా మర్యాదగా అన్నది. "మేడమ్... కార్పస్ కల్లోసం మీ జడలో ఉంది."

మేడమ్ మెడ మీద చెయ్యి వేసి చూసుకుంది. వేళ్ళు నీలం. పూలు తీసి బల్ల మీద పెట్టింది. ఇక అయిపోయింది, నా పాప చదువు నా చేతులతోనే తెంపేశాను అనుకున్నాను.

"ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి చూపించు" అన్నది ఆమె.

పాప కళ్ళు తుడుచుకుంది. పూలతో సహా ఆ నీలం దండను రెండు చెక్కల మధ్య వంపుగా అమర్చింది. ముందు వంపు ఏమిటో, వెనక లావు ఏమిటో, ఎక్కడి పోగులు ఎక్కడికి దాటతాయో మల్లె మొగ్గలు పట్టుకుని చెప్పుకుపోయింది. ఎర్రపోగులకు నేను వేసిన ముడి ఎంతకీ ఊడకపోతే పంటితో కొరికి, మళ్ళీ అడ్డంగా దాటించి కట్టింది. ఒక్క చోట కూడా తడబడలేదు. ఇంత నాశనం జరిగాక ఇంకా భయపడేదానికి ఏముంది?

"ఆఖరి ప్రశ్న" అన్నది మేడమ్. "ఈ వంతెన తెగిన మనిషి ఎట్లా ఉంటాడు?"

పాప నన్ను చూసింది. "ఒక చెయ్యి చేసే పని రెండో చేతికి తెలియదు మేడమ్. ఒకటి కడుతుంటే ఒకటి విప్పుతుంది. మా అమ్మలాగా."

మేడమ్ బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వింది. పాప గట్టెక్కింది. ఇప్పుడు ఆ మెదడు కాలేజీ అద్దాల బీరువాలో ఉంది, ఎండిన మల్లెలతో సహా. వాటిని తియ్యొద్దని చెప్పింది మేడమే.

అందుకని ఊరంతా వినేట్టు ప్రమాణం చేస్తున్నాను, టీచరమ్మా, లావు అక్షరాలతో రాసుకో. పండక్కి ముందే నాలుగు కట్టల నార కొని పెట్టుకుంటాను. దేవుడు అడ్డంగా దాటించిన దేన్నీ తిన్నగా దువ్వను. సరస్వతీ పూజకు ఇక మీద కత్తెర పెడతాను, తక్కెడ పెడతాను, పాప పుస్తకాలన్నీ పెడతాను. నా మెదడును మాత్రం పెట్టను. ఆ ఏడాది వాటితోపాటు దాన్ని కూడా పీట మీద పెట్టేసి, హారతి అయ్యాక తీసుకోవడం మరిచిపోయినట్టున్నాను.