ముదిగుబ్బ దాటిన మొదటి మాట

మొన్న ఫోన్ రిపేరు షాపులో సోల్డరింగ్ పొగ వాసన తగలగానే తొంభైల చివరి మా ముదిగుబ్బ ఇల్లు గుర్తొచ్చింది. రేడియో వెనక అట్ట విప్పి చూసిన మన తరానికి ఆ వాసన తెలుసు కదా!

మా నాయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. దూరదేశాల వాళ్లతోనూ సొంతంగా మాట్లాడుకునే హామ్ రేడియోకు లైసెన్సు తెచ్చుకుని, బెంగళూరు నుంచి విడిభాగాల కిట్ తెప్పించి సోల్డరింగ్ చేసి బిగించాడు. వేరుశనగ చేనికి అడ్డంగా ఏరియల్ తీగ కట్టాడు. అందరి మాటలూ మాకు వినిపించేవి, మా మాట మాత్రం ఎవరికీ అందేది కాదు. పవర్ పెరుగుతుందని అందులో రింగు చుట్టూ తీగ చుట్టి ఉన్న కాయిల్‌ను విప్పి, మోటారు తీగతో మళ్లీ చుట్టాడు. అయినా జవాబు లేదు.

"మోటార్లు చుట్టేటోనికి ఇదెందుకప్పా?" అని పక్కింటి మామ నవ్వాడు.

ఏడో తరగతి చదివే నేను కాయిల్ తీసి, కిట్‌తో వచ్చిన కాగితం చూసుకుంటూ చుట్లు లెక్కపెట్టాను.

"నాయనా, రింగు లోపల చూడు, తీగ బొక్కలోంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లంట. ఒక చుట్టు ఎక్కువుండాది."

"అయ్యో, నేను బయట లెక్కేసినాను గదమ్మా! నువ్వే విప్పు."

విప్పాను. ఆ సాయంత్రం నాయన లైసెన్సుతో వచ్చిన తన గుర్తింపు పేరు, కాల్ సైన్, చెప్పి ఆగగానే, గరగరల మధ్య శ్రీలంక నుంచి ఒకాయన బదులిచ్చాడు! నాయన మైకు అక్కడే పడేసి, నా చేయి పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు.

"నా కూతురు లంకకు మాట పంపించిందప్పా!"

లోపల రేడియోలో ఆ శ్రీలంక ఆయన ఇంకా మమ్మల్ని పిలుస్తూనే ఉన్నాడు.